కారు ఏసీ గ్యాస్ లీకు: ఇంట్లోనే పట్టుకోవడం, ఓ-రింగులు మార్చడం, వ్యాక్యూమ్, తూకం వేసి గ్యాస్ పట్టడం

ఉప్పల్_హ్యాచ్‌బ్యాక్

అందరికీ నమస్కారం. బండి 2014 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఏసీ గ్యాస్ కొట్టించిన రెండు నెలలకే చల్లదనం పోతోంది. ఇప్పుడు ఏసీ కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) క్లచ్ టక్కుమని పట్టుకుని మూడు నాలుగు సెకన్లలో వదిలేస్తోంది, మళ్లీ పట్టుకుంటోంది. బానెట్ కింది స్టిక్కర్ మీద గ్యాస్ రకం ఆర్-134ఏ, 380 గ్రాములు అని ఉంది. షాపులో ఎప్పుడడిగినా "గ్యాస్ అయిపోయింది, కొట్టిస్తే సరి" అంటున్నారు. నా దగ్గర మ్యానిఫోల్డ్ గేజీ (ఏసీ ఒత్తిడి చూసే జంట మీటర్లు) ఉంది, పానాలు, సాకెట్లు ఉన్నాయి. లీకు ఎక్కడో ఇంట్లోనే పట్టుకోవచ్చా? ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

పానాపెట్టె

గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యే వస్తువు కాదండీ. మూసిన వలయంలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. గొట్టాల రబ్బరులోంచి ఏడాదికి కొద్ది గ్రాములు పోవడం మామూలే. రెండు నెలలకే చల్లదనం పోయిందంటే మాత్రం ఖచ్చితంగా లీకే. లీకు వెతక్కుండా గ్యాస్ కొట్టడమంటే డబ్బు గాల్లోకి వదలడమే.

క్లచ్ అలా పట్టి వదలడానికి కారణం ప్రెషర్ స్విచ్. గ్యాస్ తక్కువై ఒత్తిడి సుమారు 2 బార్ (దాదాపు 29 పీఎస్ఐ) కిందికి వస్తే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఆ స్విచ్ వైర్లు రెండూ కలిపి కంప్రెసర్‌ను బలవంతంగా తిప్పే పని మాత్రం చేయకండి. కంప్రెసర్‌కు నూనె చేరేది గ్యాస్‌తో పాటే. గ్యాస్ లేకుండా తిప్పితే లోపల ఎండిపోయి పట్టేస్తుంది, పదిహేను రూపాయల ఓ-రింగు (జాయింటులో ఉండే గుండ్రటి రబ్బరు సీలు) పని కాస్తా వేలల్లోకి పోతుంది.

మొదటి పని కళ్లతో. గ్యాస్ ఎక్కడ కారితే అక్కడ నూనె కూడా బయటికొస్తుంది, దానికి దుమ్ము అంటుకుని జిడ్డు నల్లగా పేరుకుంటుంది. టార్చి పట్టుకుని చూడాల్సినవి: కండెన్సర్‌కు (ముందు గ్రిల్ వెనక వేడి గ్యాస్‌ను చల్లార్చే జాలీ) పైపులు కలిసే రెండు చోట్లు, కంప్రెసర్ వెనక పైపుల జాయింట్లు, కంప్రెసర్ ముందు క్లచ్ చుట్టూ, రబ్బరు గొట్టాన్ని అల్యూమినియం పైపుకు నొక్కి బిగించిన చోట, ప్రెషర్ స్విచ్ మొదట్లో, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులో ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (ద్రవాన్ని సన్న రంధ్రంలోంచి వదిలే వాల్వు) దగ్గర.

ఓరుగల్లు_ఇంజిన్

అన్నిటికన్నా ముందు పిన్ వాల్వులు చూడు అన్నా. గ్యాస్ పట్టే రెండు పోర్టుల మీది మూతలు ఉన్నయా లేవా? చానా బండ్లల్ల ఆ మూతలు షాపులనే పోతయి. మూత లేకుంటే దుమ్ము పోయి పిన్ సరిగ కూసోదు, మెల్లగ కారుతనే ఉంటది. పోర్టుల సబ్బు నీళ్లు ఒక చుక్క పొయ్యి. బుడగ లేస్తే దొరికినట్టే.

ఇంకోటి, ఏసీ పిన్, టైరు పిన్ ఒక్కటి కాదు. చూస్తే ఒక్క తీరే ఉంటయి గానీ రబ్బరు వేరు, కొలత వేరు. టైరు పిన్ పెడితే గ్యాస్‌కు, నూనెకు ఆ రబ్బరు ఉబ్బి పాడయితది.

తీరప్రాంతం_వైజాగ్

మా సముద్రం పక్క బండ్లలో అయితే ముందు అనుమానించేది కండెన్సర్‌నే. ఉప్పుగాలికి రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి, తర్వాత సన్న గొట్టాలకు పిన్ను మొనంత చిల్లులు పడతాయి. హైదరాబాద్ బండికి ఉప్పు బెడద లేదు గానీ హైవే మీద ఎగిరే రాళ్ల దెబ్బ ఉంటుంది. ముందు గ్రిల్‌లోంచి చూస్తే చాలదు, కండెన్సర్ కింది అంచు బంపర్ వెనక దాక్కుని ఉంటుంది, మట్టి పేరుకునేది అక్కడే. తక్కువ ఒత్తిడి నీళ్లతో మెల్లగా కడిగి ఆరాక చూడండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పట్టొద్దు, రెక్కలన్నీ వాలిపోతాయి.

కండెన్సర్‌కు చిల్లు పడితే మార్చడమే. ఎపాక్సీ పూసి అతుకు వేస్తామంటారు కొందరు. మండుటెండలో అక్కడ 250 పీఎస్ఐ పైన ఒత్తిడి ఉంటుంది, ఆ అతుకు నిలవదు.

చల్లగాలి_99

పని మొదలుపెట్టేముందు నాలుగు మాటలు.

ఆర్-134ఏ మామూలు గాలి ఒత్తిడి దగ్గర మరిగేది మైనస్ 26 డిగ్రీల సెల్సియస్‌లో. ద్రవంగా చేతిమీద పడితే చర్మం అక్కడికక్కడే గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్లద్దాలు, మందపాటి చేతి తొడుగులు లేకుండా గొట్టం విప్పొద్దు. మంట దగ్గర ఈ గ్యాస్ విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. బీడీ, సిగరెట్, గ్యాస్ టార్చి ఏదీ దగ్గర ఉండకూడదు. షట్టర్ వేసిన షెడ్డులో కాకుండా బయట గాలి ఆడే చోట చేయండి.

మిగిలిన గ్యాస్‌ను పిన్ నొక్కి "బుస్సు"మని వదిలేయకండి. బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే దీని వేడెక్కించే శక్తి 1,430 రెట్లు. 400 గ్రాములు వదిలితే 570 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు, అంటే దాదాపు 250 లీటర్ల పెట్రోల్ కాల్చినట్టు. రికవరీ మిషన్ (గ్యాస్‌ను బయటికి పోనీకుండా లాగి పట్టేది) ఉన్న షాపుకు వెళ్లి లాగించుకుని, ఎన్ని గ్రాములు వచ్చిందో మిషన్ తెర మీద చూసి రాసుకోండి. ఆ అంకె తర్వాత పనికొస్తుంది.

ఉప్పల్_హ్యాచ్‌బ్యాక్

చూసినవి రాస్తున్నాను. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, బయట 28 డిగ్రీలు ఉన్నప్పుడు గేజీ పెడితే నీలం (లో-సైడ్, తక్కువ ఒత్తిడి వైపు), ఎరుపు (హై-సైడ్, ఎక్కువ ఒత్తిడి వైపు) రెండూ 55 పీఎస్ఐ. లో-సైడ్ పోర్టు మూత లేదు, సబ్బు నీళ్లు వేస్తే బుడగ చాలా నెమ్మదిగా ఉబ్బుతోంది. కండెన్సర్ పైభాగంలో లావు పైపు జాయింటు చుట్టూ నల్లటి జిడ్డు. క్లచ్ పొడిగానే ఉంది. కారు ఆగిన చోట, ముందు సీటుకు సరిగ్గా కింద నేల మీద నీళ్లు కారుతున్నాయి, అది కూడా లీకేనా?

గేజీ_చూడు

నీళ్ల సంగతి ముందు. అది కూలింగ్ కాయిల్ (డ్యాష్‌బోర్డు వెనక గాలిని చల్లబరిచేది) మీద గాలిలోని తేమ చెమ్మగా మారి డ్రెయిన్ పైపులోంచి కిందికి పడేది. బండి కింద పడితే మంచిదే. బండి లోపల కాళ్ల దగ్గర తివాచీ తడిస్తే డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు. గ్యాస్‌తో దానికి సంబంధం లేదు.

ఇక 55 పీఎస్ఐ. ఆగిన బండిలో గేజీ ఎంత గ్యాస్ ఉందో చెప్పదు, లోపల ద్రవం మిగిలి ఉందా లేదా అన్నదే చెబుతుంది. చుక్క ద్రవం ఉన్నా, నిండా ఉన్నా ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది: 25 డిగ్రీలకు సుమారు 82 పీఎస్ఐ, 28కి 91, 30కి 97, 35కి 114, 40కి 133. మీకు 28 డిగ్రీల్లో 91 రావాలి, 55 వచ్చింది. అంటే లోపల ద్రవం అసలు లేదు, ఆవిరి మాత్రమే మిగిలింది. మీ బండి దాదాపు ఖాళీ.

దీన్ని తిప్పి చూస్తే చాలామంది పొరపడే చోటు తెలుస్తుంది. ఆగిన బండిలో 91 వచ్చింది కాబట్టి గ్యాస్ నిండుగా ఉంది అనుకుంటారు. సగమే ఉన్నా 91 వస్తుంది. అందుకే గ్యాస్‌ను తూకంతోనే లెక్కపెట్టాలి.

ఓరుగల్లు_ఇంజిన్

ఇంక ఆలోచన ఎందుకు? ఆ రెండు జాయింట్లు చేసి, వ్యాక్యూమ్ కొట్టి (పంపుతోని లోపలి గాలంత గుంజి) అరగంట పెట్టు. ముల్లు కదలకుంటే లీకు పోయినట్టే.

పానాపెట్టె

అక్కడే నేను ఒప్పుకోను తమ్ముడూ. వ్యాక్యూమ్‌లో లోపలికీ బయటికీ తేడా ఒక్క గాలి ఒత్తిడే, 14.7 పీఎస్ఐ మించదు. అదీ లోపలికి లాగుతుంది, పనిచేసేటప్పుడేమో 200 పైన బయటికి తోస్తుంది. వదులైన ఓ-రింగు లోపలికి లాగితే గాడిలో కూర్చుని మూసుకుంటుంది, బయటికి తోస్తే విడుస్తుంది. వ్యాక్యూమ్ నిలవకపోతే పెద్ద లీకు ఉందని నమ్మొచ్చు. నిలిచినంత మాత్రాన లీకు లేదని నమ్మకూడదు. ఉప్పల్ గారి బండి రెండు నెలలు పట్టి ఖాళీ అవుతోంది. అలాంటి సన్న లీకును అరగంట వ్యాక్యూమ్ పట్టుకోలేదు.

పొడి నైట్రోజన్ పెట్టండి. వెల్డింగ్ గ్యాస్ అమ్మే చోట చిన్న సిలిండర్ అద్దెకు దొరుకుతుంది. రెగ్యులేటర్ తప్పనిసరి. నిండు సిలిండర్‌లో 150 బార్ దాకా ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా తెరిస్తే గేజీ, గొట్టం, కూలింగ్ కాయిల్ అన్నీ పగులుతాయి. ముందు 50 పీఎస్ఐ పెట్టి పెద్ద బుసలేమైనా ఉన్నాయేమో వినండి, తర్వాత 150కి పెంచి సిలిండర్ వాల్వు మూసేయండి. అంతకు మించొద్దు, లో-సైడ్ భాగాలు ఎక్కువ ఒత్తిడికి చేసినవి కావు. ఆక్సిజన్ సిలిండర్ ఎప్పుడూ పెట్టకూడదు, లోపలి నూనె తగిలితే పేలుతుంది. గాలి కంప్రెసర్ కూడా వద్దు: తేమ ఎక్కుతుంది, పైగా గాలితో కలిసిన ఆర్-134ఏ ఒత్తిడిలో అంటుకునే గుణం తెచ్చుకుంటుంది.

చల్లగాలి_99

సబ్బు నీళ్లు ఎలా కలపాలో కూడా చెబుదాం, ఎందుకంటే అందరూ నురగ చేసి పూస్తారు, ఆ నురగలోనే బుడగ దాక్కుంటుంది. గిన్నెలు తోమే ద్రవం ఒక వంతు, నీళ్లు నాలుగైదు వంతులు, గిలక్కొట్టకుండా నెమ్మదిగా కలపండి. మెత్తటి బ్రష్‌తో జాయింటు చుట్టూ పొరలా పూయండి. పెద్ద లీకు అయితే వెంటనే బుడగలు. సన్న లీకు అయితే రెండు మూడు నిమిషాల తర్వాత గాజులా మెరిసే చిన్న చిన్న బుడగలు తెల్లటి కుప్పలా పేరుకుంటాయి. చిన్న అద్దం ముక్క పట్టుకుని జాయింటు వెనక వైపు తప్పకుండా చూడండి.

150 పీఎస్ఐ పెట్టి రాత్రంతా ఉంచేవాళ్లకు ఒక లెక్క. చల్లబడితే లీకు లేకపోయినా ఒత్తిడి తగ్గుతుంది. సాయంత్రం 35 డిగ్రీల్లో 150 ఉంటే, తెల్లారి 25 డిగ్రీల్లో 145 చూపించడం సహజం. 130 చూపిస్తే లీకే. కాబట్టి గేజీ అంకె పక్కనే ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.

మిర్చియార్డ్_మెకానిక్

టైర్ల షాపు నైట్రోజన్ సరిపోతుందా అని కొందరు అడుగుతుంటారు. అక్కడ ఒత్తిడి మనకు కావలసినంత ఉండదు, శుద్ధి మీద భరోసా లేదు. సిలిండర్‌దే వాడండి.

ఇంకో దారి యూవీ రంగు. సిస్టమ్‌లో ఏడు మిల్లీలీటర్ల దాకా చాలు. గ్యాస్‌తో పాటు తిరిగి లీకు చోట బయటికొచ్చి, యూవీ టార్చి వెలుతురులో పసుపు అద్దాలు పెట్టుకుని చూస్తే పచ్చగా మెరుస్తుంది. రాత్రిపూట చూడాలి. క్లచ్ తిరిగేటప్పుడు మాత్రమే కారే కంప్రెసర్ సీలు లాంటివి నైట్రోజన్‌కు దొరకవు, రంగుకే దొరుకుతాయి. గ్యాస్ పట్టేటప్పుడే రంగు ఎక్కించి, రెండు వారాలు నడిపి చూడండి. నైట్రోజన్‌కూ రంగుకూ పోటీ పెట్టడం అనవసరం, ఒకటి ముందు, ఇంకొకటి తర్వాత.

ఉప్పల్_హ్యాచ్‌బ్యాక్

షాపులో రికవరీ చేయించాను, 70 గ్రాములే వచ్చింది. తర్వాత నైట్రోజన్ 150 పెట్టాను. కండెన్సర్ లావు పైపు జాయింటు అడుగున, అద్దంలో చూస్తే, తెల్లటి చిన్న బుడగల కుప్ప లేచింది. లో-సైడ్ పిన్ దగ్గర కూడా. మిగతా చోట్ల ఏమీ లేదు. ఓ-రింగు మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

పానాపెట్టె

నైట్రోజన్ పూర్తిగా వదిలి గేజీ సున్నా చూపించాకే బోల్టు మీద పానా పెట్టండి.

ఆ జాయింటు ఒక్క 6 మి.మీ. బోల్టుతో బిగించిన అల్యూమినియం దిమ్మ. బోల్టు తీశాక పైపును తిప్పకండి, వంచకండి, నిటారుగా లాగండి. రాకపోతే రెండు దిమ్మల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించొద్దు, ఆ గీత మీదే కొత్త ఓ-రింగు కూర్చోవాలి. కాస్త చొచ్చుకుపోయే నూనె వేసి అటూ ఇటూ మెల్లగా కదిలించండి. మరతో బిగించే జాయింటు ఉంటే రెండు పానాలు వాడాలి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్కటే వాడితే పైపు మెలిపడి చీలుతుంది.

విప్పిన మరుక్షణం రెండు వైపులా మూతలు పెట్టండి, లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. లోపలి పీఏజీ నూనె (కంప్రెసర్‌కు వాడే నూనె రకం) గాలిలో తేమను ఆబగా పీల్చుకుంటుంది.

పాత ఓ-రింగును వేలిమీద పెట్టి చూడండి. గుండ్రంగా ఉండాల్సింది ఒక వైపు బల్లపరుపుగా అణిగి, గట్టిపడి, గోటితో నొక్కితే గుంట పడకుండా ఉంటుంది. ఇంజిన్ వేడి చేసే పని అది. కొత్తది హెచ్ఎన్‌బీఆర్ రబ్బరుదే కావాలి, సాధారణంగా ఆకుపచ్చగా ఉంటుంది. కానీ రంగు చూసి కొనొద్దు, పేరు అడిగి కొనండి. హార్డ్‌వేర్ షాపులో నీళ్ల పంపుకు వేసే రబ్బరు వాషర్ ఏ మాత్రం పనికిరాదు. పాతదాన్ని పట్టుకెళ్లి లోపలి కొలత, మందం రెండూ సరిపోల్చండి. మందం తేడా కంటికి ఆనదు, లీకు మాత్రం తప్పదు.

గాడిని నూలు రాని గుడ్డతో తుడవండి, ఇసుక కాగితం వాడొద్దు. ఓ-రింగుకు ఏసీ నూనె రాసి కూర్చోబెట్టండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్, సిలికాన్, షెల్లాక్ ఏదీ వద్దు. పొడిగా తోస్తే మెలితిరిగి కోసుకుపోతుంది. దిమ్మలు రెండూ చేత్తోనే పూర్తిగా ఆనాలి, తర్వాతే బోల్టు. 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, మీ బండి మాన్యువల్‌లో అంకె ఉంటే అదే. బోల్టు బలంతో దిమ్మను లాక్కొస్తే ఓ-రింగు నలుగుతుంది, అల్యూమినియం మర చెడుతుంది.

ఓరుగల్లు_ఇంజిన్

పానాపెట్టె అన్న జెప్పింది కరెక్టే, నైట్రోజన్ పెట్టినంకనే ఆ అడుగు బుడగ కనవడ్డది. ఒప్పుకున్న. ఉప్పల్ అన్నా, సిస్టం ఖాళీ ఉన్నప్పుడే రెండు పోర్టుల పిన్నులు మార్చు, లో-సైడ్ ఒక్కటే మార్చి ఊకోకు. పిన్ టూల్‌తోని తిప్పి తీసుడే, రెండు నిమిషాల పని. కొత్త మూతలు కూడా తెచ్చుకో, లోపల రబ్బరు వాషర్ ఉన్నయే. లీకును ఆపే రెండో అడ్డం ఆ మూతే.

గేజీ_చూడు

డ్రయ్యర్ (సిస్టమ్‌లో తేమను పీల్చేది) మర్చిపోకండి. ఈ తరం హ్యాచ్‌బ్యాకుల్లో చాలావాటికి డ్రయ్యర్ వేరే డబ్బాగా ఉండదు, కండెన్సర్ పక్కనున్న నిలువు గొట్టంలో గింజల సంచి ఉంటుంది, కిందో పైనో మూత విప్పి మార్చాలి. సిస్టమ్ చాలాకాలంగా దాదాపు ఖాళీగా ఉంది కాబట్టి ఆ గింజలు తేమతో నిండిపోయి ఉంటాయి. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్న రంధ్రంలో మంచు కట్టి, ఏసీ పది నిమిషాలు చల్లగా, ఐదు నిమిషాలు వేడిగా వస్తుంది. ఇంకా నిలిస్తే నూనెతో కలిసి ఆమ్లమై లోపల లోహాన్ని తింటుంది. కొత్త సంచిని అన్ని పనులూ అయ్యాక, వ్యాక్యూమ్‌కు ముందు చివరగా పెట్టండి. ప్యాకెట్ విప్పి బల్ల మీద పెట్టి టీకి వెళ్తే ఆ సంచి కొన్నది దండగ.

నూనె విషయంలో అందాజు పనికిరాదు. చిన్న కార్లలో మొత్తం నూనె 100 నుంచి 150 మిల్లీలీటర్ల మధ్య. ఓ-రింగు లీకులో పోయేది కొద్దిగానే, డ్రయ్యర్ సంచి పీల్చుకునేది కలిపినా 10–15 మి.లీ. చాలు. కండెన్సర్ మార్చితే 20–40 మి.లీ. అని చాలా మాన్యువల్స్ చెబుతాయి. పీఏజీ 46నా 100నా (నూనె చిక్కదనం అంకె) అన్నది కంప్రెసర్ మీది చీటీలోనో మాన్యువల్‌లోనో చూసి అదే కొనండి. నూనె ఎక్కువైతే కూలింగ్ కాయిల్ లోపల పొరలా పట్టి చల్లదనం తగ్గిస్తుంది. తగ్గితే కంప్రెసర్ పోతుంది. మూత తీసిన నూనె డబ్బాను వచ్చే ఏడాదికి దాచొద్దు.

ఉప్పల్_హ్యాచ్‌బ్యాక్

ఓ-రింగు, రెండు పిన్నులు, డ్రయ్యర్ సంచి మార్చి, నూనె 12 మి.లీ. పోశాను. నైట్రోజన్ మళ్లీ 150 పెడితే తెల్లారేదాకా నిలిచింది, ఉష్ణోగ్రత తేడా తీసేస్తే సరిగ్గా ఉంది. ఇప్పుడు వ్యాక్యూమ్ పెట్టాను. పంపు రెండు దశలది. కానీ ముల్లు 28 దగ్గరే ఆగిపోయింది, 29.9కి పోవడం లేదు. పంపు లోపమా?

గేజీ_చూడు

పంపు బాగుంది, మీరున్న ఊరు ఎత్తులో ఉంది. 29.9 అంగుళాలు (పాదరసం కొలతలో) సముద్రమట్టం దగ్గరి మాట. హైదరాబాద్ 540 మీటర్ల చుట్టుపక్కల ఎత్తు, అక్కడి గాలి ఒత్తిడే 28 అంగుళాలు. లేని ఒత్తిడిని ఏ పంపూ తీయలేదు. వైజాగ్‌లో, కాకినాడలో 28 దగ్గర ఆగితే అప్పుడు అనుమానించాలి. బెంగళూరులో 27 దాటదు.

అసలు ఉద్దేశం లోపలి నీటిని మరిగించి ఆవిరిగా లాగడం. 30 డిగ్రీల్లో నీరు మరగాలంటే మిగిలిన ఒత్తిడి 1.25 అంగుళాలకు దిగాలి. సముద్రతీరంలో ముల్లు 28.7 దాటాలి, హైదరాబాద్‌లో 26.8 దాటితే నీరు మరగడం మొదలవుతుంది. కాబట్టి ఎండకాసే వేళ, బానెట్ వేడిగా ఉన్నప్పుడు పెట్టండి, కనీసం 45 నిమిషాలు. చలికాలం పొద్దున్నే పెడితే పని సాగదు. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ను పంపుగా వాడేవాళ్లు ఉన్నారు, గాలి తీస్తుంది గానీ చివరి ఆ ఒక్క అంగుళం దగ్గర ఆగిపోతుంది. తేమ పోవాల్సింది సరిగ్గా అక్కడే.

ముందు గేజీ మీది నీలం, ఎరుపు నాబ్‌లు రెండూ మూసి తర్వాత పంపు ఆపండి. ముందే పంపు ఆపితే పంపు నూనె వెనక్కి సిస్టమ్‌లోకి ఎక్కుతుంది.

చల్లగాలి_99

గ్యాస్ పట్టడం. డబ్బా కొనేటప్పుడే జాగ్రత్త. మరీ చవకగా అమ్మే, సీలు అతుకు సరిగా లేని డబ్బాలు వద్దు. నకిలీ ఆర్-134ఏలో మిథైల్ క్లోరైడ్ కలిపిన సంగతి 2011లో ఓడల శీతల కంటైనర్లు పేలినప్పుడు బయటపడింది. అది అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే మండే పదార్థం అవుతుంది. మన కండెన్సర్, కూలింగ్ కాయిల్ రెండూ అల్యూమినియమే. ఎల్పీజీ లాంటి మండే గ్యాస్ కలిపినవీ ఉంటాయి, కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ చేరేది మనుషులు కూర్చునే క్యాబిన్‌లోకి.

గ్రాము తేడా చూపించే వంటింటి డిజిటల్ కాటా చాలు. డబ్బా కాటా మీద పెట్టి, డబ్బా నుంచి గేజీకి వెళ్లే పసుపు గొట్టం బిగించి, గొట్టం బరువు కాటా మీద వేలాడకుండా పక్కన ఆనించి, అప్పుడు సున్నా చేయండి. గేజీ దగ్గర పసుపు గొట్టం మర అర చుట్టు వదులు చేసి ఒక్క క్షణం గ్యాస్‌తో గాలిని తరిమేసి బిగించండి.

ఇంజిన్ ఆపి ఉండగా నీలం నాబ్ తెరవండి. వ్యాక్యూమ్‌కే 100 గ్రాముల పైన లోపలికి పోతుంది. ఆగాక ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ అతి చల్లన, బ్లోయర్ గరిష్ఠం, లోపలి గాలే తిరిగేలా పెట్టి, ఇంజిన్ 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచండి. మిగతాది లో-సైడ్‌లోంచి ఆవిరిగా, డబ్బా నిటారుగా పట్టుకుని ఎక్కించాలి. తలకిందులు చేస్తే ద్రవం వస్తుంది, కంప్రెసర్ ద్రవాన్ని నొక్కలేదు, లోపలి వాల్వులు విరుగుతాయి. డబ్బా చల్లబడి గ్యాస్ నెమ్మదిస్తే 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టండి, తూకం వేసేటప్పుడు తుడిచి కాటా మీదికి తేండి.

ఇంజిన్ నడుస్తుండగా ఎరుపు నాబ్ తెరవకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ. హై-సైడ్ ఒత్తిడి డబ్బాలోకి వెనక్కి వస్తుంది, డబ్బా పేలుతుంది.

380 అని రాసి ఉంటే 380. పసుపు గొట్టంలో ద్రవం నిలిచిపోతే దానిలోనే 30 గ్రాముల పైన ఉంటుంది. చిన్న సిస్టమ్‌లో అది చిన్న తేడా కాదు. అందుకే చివర్లో డబ్బా వాల్వు మూసి, గొట్టంలో ఉన్నది లోపలికి పీల్చుకోనిచ్చి, తర్వాత నీలం నాబ్ మూయండి.

ఉప్పల్_హ్యాచ్‌బ్యాక్

380 గ్రాములు పట్టాను, యూవీ రంగు కూడా ఎక్కించాను. బయట 36 డిగ్రీలు, 1500 ఆర్‌పీఎం, నీలం 36, ఎరుపు 225. మధ్య గాలి రంధ్రంలో థర్మామీటర్ 8 డిగ్రీలు. బాగున్నట్టేనా?

గేజీ_చూడు

చక్కగా ఉంది. అలాంటి ఎండకు లో-సైడ్ 30–45, హై-సైడ్ 200–250 మధ్య ఉండాలి. మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట 44 డిగ్రీల్లో హై-సైడ్ 300 దాకా పోయినా గాబరా పడక్కర్లేదు, అందుకే పరీక్ష పొద్దున పెట్టుకోవడం మేలు.

ఇతరులకు పనికొస్తుందని రాస్తున్నాను. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువో, కండెన్సర్ ఫ్యాన్ తిరగకపోవడమో, కండెన్సర్‌కు మట్టి పట్టడమో. కండెన్సర్ మీద నీళ్లు చల్లితే ఎరుపు వెంటనే దిగితే తప్పు గాలి ఆడకపోవడంలోనే. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువైతే కంప్రెసర్ అరిగింది. నీలం సున్నా కిందికి జారిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోయింది.

పాలమూరు_ప్రయాణం

లీకు ఆపే మందు డబ్బాలు అమ్ముతున్నారు, గ్యాస్‌తో పాటు ఎక్కిస్తే చిల్లు మూసుకుంటుందట. ఇంత శ్రమ లేకుండా అది సరిపోదా?

మిర్చియార్డ్_మెకానిక్

వద్దండీ. గాలి, తేమ తగిలితే గట్టిపడే రకం మందు మీ సిస్టమ్‌లో కొద్దిగా తేమ ఉన్నా ఎక్స్‌పాన్షన్ వాల్వులోనే గట్టిపడుతుంది. తర్వాత ఆ గ్యాస్‌ను రికవరీ మిషన్‌తో లాగితే మిషన్ కూడా పాడవుతుంది, అందుకే చాలామంది అలాంటి బండిని ముట్టుకోరు. గట్టిపడిన ఓ-రింగును మళ్లీ మెత్తగా చేసే మందు లేదు.

కూలింగ్ కాయిల్ లీకు గురించి కూడా చెప్పాలి, ఈ చర్చ చదివి ఎవరైనా డ్యాష్‌బోర్డు విప్పబోతారేమో. గుర్తులు ఇవి: బయట ఎక్కడా జిడ్డు లేదు, నైట్రోజన్ నిలవదు, డ్రెయిన్ పైపు మొనలో యూవీ రంగు మెరుస్తుంది. ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ ఉంటే ఏసీ ఆపి పావుగంట ఆగి డ్రెయిన్ పైపు మొన దగ్గర పట్టుకోండి, ఆర్-134ఏ గాలికన్నా బరువు కాబట్టి కిందికే దిగుతుంది. చాలా కార్లలో ఆ కాయిల్ రావాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం దిగాలి, ఎయిర్‌బ్యాగ్ వైర్లు అందులోనే ఉంటాయి. ఇది ఇంటి పని కాదు. కంప్రెసర్ ముందు సీలు మాత్రం ఓపిక ఉంటే చేయొచ్చు: క్లచ్ పళ్లెం, పుల్లీ తీయాలి, సర్‌క్లిప్ ప్లయర్, పుల్లర్ కావాలి, తిరిగి పెట్టేటప్పుడు క్లచ్ ఖాళీ ఫీలర్ గేజితో సుమారు 0.3–0.6 మి.మీ. ఉండేలా షిమ్ వాషర్లు సర్దాలి. ఖాళీ తక్కువైతే క్లచ్ రాసుకుని కాలుతుంది, ఎక్కువైతే వేడి మీద పట్టుకోదు.

డాలస్_డ్రైవర్

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. 2018 నుంచి ఇక్కడ చిన్న డబ్బాలకు తమంతట తాము మూసుకునే వాల్వు ఉంటేనే ఎవరికైనా అమ్ముతారు, రెండు పౌండ్లు మించిన సిలిండర్ కొనాలంటే సెక్షన్ 609 సర్టిఫికెట్ (బండి ఏసీ పని చేసేవాళ్లకు ఇచ్చేది) ఉండాలి. కొత్త బండ్లలో ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది. పోర్టులు వేరు, కొద్దిగా అంటుకునే గుణం ఉంది, దానిలో 134ఏ కలపకూడదు. బానెట్ కింది చీటీ చదవకుండా గేజీ తగిలించొద్దు.

పాలమూరు_ప్రయాణం

మంచి వివరం. ఇంట్లో ఒక ఎలక్ట్రిక్ కారు కూడా ఉంది. దానికీ ఇదే పద్ధతా?

పానాపెట్టె

లీకు వెతికే దాకా అదే, కళ్లతో, సబ్బు నీళ్లతో. అక్కడ ఆపేయండి. దాని కంప్రెసర్ బెల్టుతో కాక లోపలి మోటారుతో తిరుగుతుంది, నారింజ రంగు తీగల్లో వందల వోల్టులు ఉంటాయి. నూనె పీఏజీ కాదు, పీఓఈ అనే వేరే రకం. పీఏజీ విద్యుత్తును కొంత పారనిస్తుంది, కొద్దిగా కలిసినా మోటారు చుట్ల ఇన్సులేషన్ పడిపోయి బండి కంట్రోలర్ లోపం చూపించి ఆగిపోతుంది. పీఏజీ బండికి వాడిన గేజీ గొట్టాల్లో అంటుకుని ఉన్న నూనె కూడా ప్రమాదమే, కాబట్టి ఉప్పల్ గారి గేజీ అరువు తెచ్చి దానికి పెట్టకండి.